ఊఁ అనేదాక ఆగే గొంతు

నేను దయ్యాలను నమ్మను. ఇప్పటికి గూడ నమ్మను. మాది ఝరాసంగం దగ్గర ఒక ఊరు, ఆదివారం చర్చికి పోయే ఇల్లు. ఎవరన్న పొలం కాడ ఏదో కనిపించిందంటే మా నాయిన "కల్లు జర తగ్గియ్యుమను, కనిపించదు" అనేటోడు. నేను ఆయన బిడ్డనే.

అయినా దయ్యం అంటే సచ్చిపోయినోళ్ళది కదా. నేను విన్నది బతికున్న మనిషి గొంతు. ఆ మనిషి ఇయ్యాల గూడ జహీరాబాద్‌ల మంచిగ తిని తిరుగుతున్నది. దీన్ని దయ్యం కథ అనడానికి నాకే మనసొప్పదు. మరేమనాలె అంటే అదీ తెలియదు.

రాయడానికి కారణం ఒకటే. నేను గురుకులంల తెలుగు టీచర్‌ను. పాఠం ఎన్నడూ నేను చదవను, పిల్లలతోనే చదివిస్త. ఎందుకట్ల అని తోటి టీచర్లు అడుగుతరు. నవ్వి ఊకుంట. ఎన్నిసార్లని నవ్వుత?

నేను జహీరాబాద్‌ల యూనివర్సిటీ కింద నడిచే ఒక కాలేజీల ఎం.ఏ. తెలుగు చదివిన. అక్కడ విద్యార్థులే నడిపే పరిశోధన పత్రిక ఒకటుంది. పేరు "సాలు". నాగలి దున్నిన సాలు అన్నట్టు. ఫైనల్ ఇయర్ వాళ్ళల్ల ఒకరిని ఎడిటర్ చేస్తరు. మా బ్యాచ్‌ల నన్ను చేసిన్రు. వ్యాసాలు తెప్పియ్యాలె. రాసినోళ్ళ పేర్లు తీసేసి బయటి కాలేజీల లెక్చరర్లకు పంపాలె. వాళ్ళు బాగలేదన్న కాడ మళ్ళ రాయించాలె. బస్టాండ్ లైన్ల డీటీపీ చేయించాలె, ప్రూఫులు దిద్దాలె. పేరుకు ఎడిటర్, చేసేది అడుక్కునుడు. వ్యాసం ఇయ్యమని ఒకరిని, చూడుమని ఇంకొకరిని, జర జల్ది చూడుమని మళ్ళ ఆయననే.

ప్రూఫ్ దిద్దడానికి "సాలు"ల ఒక పద్ధతుంది. ఎప్పుడో ప్రెస్సుల పనిచేసి వచ్చిన పాత లెక్చరర్ ఒకాయన పెట్టిపోయిండంట. ఒక్కరే కూసోని దిద్దొద్దు. ఇద్దరుండాలె. ఒకరు రాతప్రతి పట్టుకోని పైకి చదవాలె, కామాలు ఫుల్‌స్టాపులు గూడ నోటితోని చెప్పుకుంట. ఇంకొకరు ఎదురుంగ కూసోని, ప్రూఫ్ కాగితం మీద పెన్సిల్ పెట్టి చూసుకుంట పోవాలె. ప్రతి కామా కాడ, ప్రతి ఫుల్‌స్టాప్ కాడ చదివేటోళ్ళు ఆగుతరు. చూసేటోళ్ళు "ఊఁ" అంటేనే ముందుకు. చిన్న పిల్లలకు కథ చెప్పేటప్పుడు ఊఁ కొడుతరు చూడు, గట్లనే. ఊఁ రాకుండ చదవొద్దు, ఊఁ అనకుండ లేవొద్దు.

నాకు ఈ పని మస్తు ఇష్టముండె. చర్చిల వాక్యం చదివేది చిన్నప్పటి నుంచి నేనే. నా గొంతు మంచిగుంటదని పాస్టరయ్య పెద్దోళ్ళను కాదని నాతోని చదివించేటోడు. ఫుల్‌స్టాప్‌ను నేను "చుక్క" అంట. అక్షరాలు నేర్పినప్పుడు మా అమ్మ అట్లనే చెప్పింది. కాలేజీల మిగతావాళ్ళు నవ్వేటోళ్ళు, అయినా అలవాటు పోలే.

ఆ ఎండకాలం నాకు గురుకులంల నౌకరి వచ్చింది. మా ఇంట్ల మొదటి నౌకరి. మా అమ్మ పత్తి చేన్ల నిలబడి ఏడ్చింది. చేరాలంటే కాలేజీ సర్టిఫికెట్లు కావాలె. సర్టిఫికెట్లు కావాలంటే బాకీలేం లేవని మా సార్ సంతకం పెట్టాలె. సార్ పెట్టడు. కాలేజీని చూడనీకి కమిటీ వస్తున్నది, వాళ్ళు వచ్చేనాటికి కొత్త సంచిక టేబుల్ మీద ఉండాలె. "సంతకం ఎక్కడికి పోతది ఎస్తేరూ? సాలుల దిగిన ఎద్దు చివరిదాక పోయే తిరగాలె" అని నవ్వేటోడు. మంచి మనిషే. కాని ఆ నవ్వు చూస్తే నాకు మెడ మీద కాడి పెట్టినట్టే ఉండేది.

అన్నీ అయినయి, ఒక్క వ్యాసం తక్కువ పడ్డది. చివరి నిమిషంల బయటి లెక్చరర్ ఒకాయన ఒకదాన్ని పనికిరాదన్నడు. కొత్తది రాయించే టైం లేదు. అప్పుడు సార్‌కు పాతది ఒకటి యాదికొచ్చింది. రెండేండ్ల కింద టైప్ చేయించి అచ్చు వేయకుండ వదిలేసింది, కంప్యూటర్‌ల అట్లనే ఉంది. ఎందుకు వేయలేదు సార్ అంటే, "అప్పటి ఎడిటర్ మధ్యల పోయింది, అది అట్లనే ఆగిపోయింది" అన్నడు. న్యాల్‌కల్ దిక్కు సంతలల్ల తెలుగు, కన్నడ, మరాఠీ కలిపి బేరం ఎట్ల ఆడుతరో రాసిన వ్యాసం. మంచిగుంది. రాతప్రతి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ప్రూఫే రెండు కాపీలు తీసుకోని కూసున్నం, నేను, నవీన్. నవీన్‌ది రాయికోడ్. ప్రూఫుల కాడ నాకు జోడి వాడే.

"సాలు" రూం లైబ్రరీ వెనకాల ఉంటది. ఒకటే తలుపు. ఒకటే కిటికీ, ఇనుప ఊచలు. కిటికీ బయట గోడ, గోడ అవతల రోడ్డు. చెరుకు లారీలు పోయే రోడ్డు, చెవులు దిమ్మెక్కుతయి. ఒక టేబుల్, అటో కుర్చీ ఇటో కుర్చీ, అంతే.

నేను చదువుతున్న. రెండో పేజీల ఒక వాక్యం వచ్చింది. "బేరం కుదరక కొనేవాడు వెళ్ళిపోతుంటే అమ్మేవాడు వెనక నుంచి పిలిచే పద్ధతి మూడు భాషల్లోనూ ఉంది, పిలుపు అందుకున్న మనిషి," అని కామా కాడ ఆగిన. నవీన్ ఊఁ అనలే. చూసిన. పెన్సిల్ పట్టుకోని నా దిక్కే చూస్తున్నడు. ఫోన్ చూసుకుంట పరాకుగున్నడేమో అనుకున్న.

"ఊఁ అను" అన్న.

"ఎప్పుడో అన్న" అన్నడు.

నాకు వినపడలే. సరే అని తర్వాతి మాట చదవబోయిన. గొంతు రాలే. నోరు తెరిచిన, కండ్లు అక్షరాల మీదున్నయి, అర్థమైతున్నది, కాని సప్పుడు బయటికొస్తలేదు. నీళ్ళు తాగిన. మాట్లాడితే మంచిగనే మాట వస్తున్నది. చదవబోతే లేదు. నవీన్ ముందు నవ్విండు, నేను నాటకం ఆడుతున్న అనుకున్నడు. మూడోసారి నా మొఖం చూసి నవ్వు ఆపిండు.

ఆ వ్యాసమే కాదు, ఏదీ చదవనీకి రాలే. ఆ సాయంత్రం బస్టాండ్‌ల ఒక ముసలామె ఇది ఏ ఊరి బస్సు బిడ్డా అని అడిగింది. బోర్డు చూసి చెప్పబోయిన, రాలే. తల పక్కకు తిప్పుకోని "రాయికోడ్" అన్న, వచ్చింది. చూసి చదివితేనే రాదు. ఆటోల ఇంటికి పోయేదాక దుకాణాల బోర్డులన్నీ చూసుకుంట నోరు కదిలిస్తనే ఉన్న. పక్కన కూసున్నామె జర దూరం జరిగింది.

ఆదివారం చర్చిల పాస్టరయ్య పిలిచిండు. పోయి నిలబడ్డ. అందరు ఎదురుచూస్తున్నరు. నోరు తెరుచుకొని నిలబడ్డ నన్ను మా అమ్మ చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలే. వచ్చి చెయ్యి పట్టుకోని కూసోబెట్టింది. దవాఖానల డాక్టర్ గొంతుల లైటు వేసి చూసి ఏం లేదన్నడు. టెన్షన్ అన్నడు, గోళీలు రాసిచ్చిండు. అమ్మ ఉపవాస ప్రార్థన పెట్టింది. గోళీలు అయిపోయినయి, ప్రార్థన అయిపోయింది, గొంతు రాలే.

గురుకులంల చేరిన రోజే ప్రిన్సిపల్ ముందర పాఠం చదివి చెప్పాలె. చదవనీకి రాని తెలుగు టీచర్‌ను ఎవరుంచుకుంటరు? ముందుకు పోదామంటే గొంతు లేదు, వెనక్కి వద్దామంటే చేన్ల పత్తి ఏరుడే. రాత్రుళ్ళు తిండి పోయేది కాదు. ఎవరితోని చెప్పుకున్నా "అంత మంచిగ మాట్లాడుతున్నవ్ కదనే" అంటరు.

కాని సంచిక ఆగదు కదా. శనివారం ఒంటిపూట కాలేజీ. ఆ వ్యాసం సప్పుడు లేకుండ కండ్లతోనే దిద్దుదామని మధ్యాహ్నం ఒక్కదాన్నే రూంల కూసున్న. నవీన్ వాళ్ళ ఊరికి పోయిండు. ఫోన్ చార్జింగ్ అయిపోతే ఆఫీసుల పెట్టి వచ్చిన. కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది. వాచ్‌మన్ మొగులయ్య ఫ్యాన్ సప్పుడు లేకపోయేసరికి లోపల ఎవరూ లేరనుకోని బయటి నుంచి తాళం వేసి పోయిండు. నేను లేచి చూసేసరికి తలుపు రాలే.

కొట్టిన, పిలిచిన. ఊచల కాడ నిలబడి ఒర్రిన. లారీల సప్పుడుల నా ఒర్రుడు ఎవరికి వినపడతది? ఎండ, ఉక్కపోత. ఎవడన్న రాకపోతడా అని వచ్చి కుర్చీల కూసున్న. మొగులయ్యను నోటికొచ్చినట్టు తిట్టుకున్న. పాపం, ఆయన తప్పేం లేదు.

అప్పుడు విన్న. ఎదురు కుర్చీ దిక్కు నుంచి ఆడమనిషి గొంతు. సన్నగ లేదు, గుసగుస గాదు. ప్రూఫ్ చదివేటోళ్ళు ఎట్ల చదువుతరో అట్ల, ఒకటే తీరుగ. "బేరం కుదరక కొనేవాడు వెళ్ళిపోతుంటే అమ్మేవాడు వెనక నుంచి పిలిచే పద్ధతి మూడు భాషల్లోనూ ఉంది కామా పిలుపు అందుకున్న మనిషి కామా." ఆగింది. జరసేపు ఏం లేదు. మళ్ళ "బేరం కుదరక" అని మొదలు. మళ్ళ అక్కడే ఆగింది.

లైబ్రరీల ఎవరన్న ఉన్నరేమో అనుకోని గోడ కొట్టిన, ఎవరక్కడ అని పిలిచిన. గొంతు ఆగలే. టేబుల్ కింద చూసిన. కిటికీ కాడ నిలబడితే వెనక నుంచి వినిపిస్తది, తలుపు కాడ నిలబడితే పక్క నుంచి వినిపిస్తది. ఎక్కడ నిలబడ్డా ఆ కుర్చీ నుంచే. మనిషి లేదు. చెవులు మూసుకున్న. తీసినప్పుడల్ల అదే వాక్యం, అదే కామా. ఎన్నిసార్లు విన్ననో లెక్క లేదు. భయపడి భయపడి, ఆఖరికి భయం గూడ పోయి యాష్టకొచ్చింది, విసుగు పుట్టింది. ఆ యాష్టల, అలవాటు చొప్పున, నోట్ల నుంచి వచ్చేసింది.

"ఊఁ" అన్న.

గొంతు ముందుకు పోయింది. "తిరిగి చూస్తే బేరం సగం ఒప్పుకున్నట్టే. ఖతం."

అప్పటిదాక అది దానికదే నడుస్తున్న సప్పుడు. ఇప్పుడు నా మాట విన్నది. ఫుల్‌స్టాప్‌ను చుక్క అనే దాన్ని నేనున్న, ఫుల్‌స్టాప్ అనేటోళ్ళు మిగతా అందరున్నరు, ఖతం అనేటోళ్ళను నేను ఎన్నడూ వినలే. ఊఁ అననా వద్దా అని నోరు బిగబట్టుకోని కూసున్న. అనకపోతే మళ్ళ "బేరం కుదరక" అని మొదలుపెట్టింది. దానికంటే ఇదే నయమనిపించింది. ఊఁ అన్న. పెన్సిల్ తీసుకున్న. చేతికి ఏదో ఒక పని ఉండాలె కదా, లేకపోతే పిచ్చి లేస్తది. పేజీ పేజీకి ఊఁ కొట్టుకుంట పోయిన. ఒక కాడ గొంతు చదివిన వాక్యం నా ప్రూఫ్‌ల లేదు. మధ్యల ఒక లైను టైపుల పోయిందన్నట్టు. మార్జిన్ల రాసుకున్న. చివరి వాక్యం అయింది, "ఖతం" అన్నది, నేను ఊఁ అన్న. ఇగ ఏం లేదు. లారీల సప్పుడు ఒక్కటే.

కొంచెం సేపటికి మొగులయ్య వచ్చిండు, టిఫిన్ డబ్బా మర్చిపోయిండంట. తలుపు తీసి నన్ను చూసి "అయ్యో బిడ్డా" అని తల కొట్టుకున్నడు. ప్రూఫ్ సంచిల పెట్టుకోని ఆటో ఎక్కిన.

సోమవారం నవీన్‌కు చెప్పిన. వాడు నమ్మలే. నేనైనా నమ్మకపోదును. కాని మార్జిన్ల రాసిన లైను సంగతి తేల్చుదామన్నడు. వ్యాసం రాసినాయన ఇప్పుడు పుణెల పనిచేస్తున్నడు. నవీన్ ఆయన నంబర్ పట్టుకోని అడిగితే, దయతలచి పాత రాతప్రతి ఫోటోలు తీసి వాట్సాప్‌ల పంపిండు. ఆ లైను అందుల ఉన్నది. నేను రాసింది, ఆయన రాసింది ఒక్కటే, మాట మార్పు లేదు. నవీన్ ఫోన్ టేబుల్ మీద పెట్టి లేచి బయటికి పోయి నిలబడ్డడు.

సార్ దగ్గరికి పోయి మాటల్ల మాటగ అడిగిన, ప్రూఫ్ చదివేటప్పుడు ఖతం అనేది ఎవరు సార్ అని. సార్ మొఖం విప్పారింది. "సబీహా! నీకెట్ల తెలుసు? రెండేండ్ల కింద ఎడిటర్. అట్ల చదివేటోళ్ళు మళ్ళ రాలే మనకు" అన్నడు. ఏమైంది సార్ ఆమెకు అంటే, ఏమైతది, ఊర్లనే ఉంది, వాళ్ళ అన్న బేకరీల కూసుంటది అన్నడు.

బతికే ఉందని విన్నంక నాకు ఎక్కువ భయమైంది.

బేకరీ మెయిన్ రోడ్డుకు జర లోపల ఉంటది. సబీహా అక్క కౌంటర్ వెనక కేకు మీద క్రీంతోని పేరు రాస్తున్నది. నాకంటే జర పెద్ద, నవ్వు మొఖం. "సాలు" ఎడిటర్‌నని చెప్పంగనే కుర్చీ వేసింది, ఛాయ్ తెప్పిచ్చింది. నేను చెప్తుంటే నవ్వు తగ్గిపోయింది. సగం చెప్పినంక లేచి పోయి వాళ్ళ అన్నను కౌంటర్ కాడ కూసోబెట్టి వచ్చింది.

ఆమె కథ చిన్నదే. ఆ సంతల వ్యాసం చదువుతుంటే వాళ్ళ అబ్బాకు, అంటే నాయినకు, గుండెనొప్పి వచ్చిందని ఫోన్ వచ్చింది. కామా కాడ ఉన్నది. ఊఁ కోసం ఆగలే, లేచి ఉరికింది. ఎవరైనా ఉరుకుతరు. "అబ్బా బాగైండు చెల్లె. నేనే కాలే" అన్నది. ప్రైవేటు బడిల తెలుగు చెప్పే నౌకరి దొరికితే, పాఠం చదవనీకి గొంతు రాక వారం తిరగకుండ మానుకున్నదంట. ఇంట్ల ఎవరికీ చెప్పలే, బడి నచ్చలేదని చెప్పింది. లెక్చరర్ కావాలనుకున్న మనిషి కేకుల మీద పేర్లు రాసుకుంట కూసున్నది. గిరాకీలు ఏం రాసినవో చదువు అంటే డబ్బా తిప్పి వాళ్ళకే చూపిస్తదంట.

"మొన్న శనివారం మధ్యాహ్నం" అన్నది. ఒకాయన కేకు కోసం వచ్చిండు, ఏం రాసినవమ్మా అన్నడు. ఈమె యాది మరిచి, పైకి చదివేసింది. పిల్ల పేరు, దీవెన, అన్నీ. చదివినంక తెలిసింది చదివిన అని. అన్న చేతుల ట్రే కింద పడ్డది. అప్పటి సంది ఇంట్ల ఏ కాగితం దొరికితే అది చదువుతున్నదంట, పేపర్, గోళీల డబ్బా, కరెంటు బిల్లు.

నేను ఏడ్చిన. ఆమెకు గొంతు వచ్చిందని సంతోషం, నాకు రాలేదని దుఃఖం, రెండు కలిసి వచ్చినయి. దాచుకోను, కొంచెం కుళ్ళు గూడ పుట్టింది. ఆమె నా చెయ్యి పట్టుకోని ఒక్కటే మాటన్నది. "నాకు నువ్వు ఊఁ కొట్టినవ్. నీకు నేను కొడుత. పా."

మరునాడు పొద్దున ఇద్దరం పోయినం. తలుపు బార్ల తీసి ఇటుకరాయి అడ్డం పెట్టిన. నేను కిటికీ కాడ నిలబడ్డ. ఆమె టేబుల్ కాడ, చూసేటోళ్ళ కుర్చీల కూసున్నది. నాకేం వినపడలే. జర సేపటికి ఆమె మెడ నిటారుగైంది. నా దిక్కు చూడకుండనే అడిగింది.

"ఫుల్‌స్టాప్‌ను నువ్వు చుక్క అంటవా?"

ఆమెతోని నేను ఆ మాట ఎన్నడూ చెప్పలే.

"అంట" అన్న.

ఆమె తల ఊపి, ప్రూఫ్ మీద పెన్సిల్ పెట్టింది. "ఊఁ" అన్నది. ఖాళీ. "ఊఁ" అన్నది. పెన్సిల్ కదులుతున్నది. నా గొంతు ఆ రూంల చదువుతున్నది, పరాయి మనిషికి వినిపిస్తున్నది, నాకు వినిపిస్తలేదు. ఒంటి మీద బట్ట లేకుండ నిలబడ్డట్టు అనిపించింది. అంతకంటే మంచిగ చెప్పరాదు నాకు.

వ్యాసం చివరికి వచ్చిందని పెన్సిల్‌ను చూసి తెలుసుకున్న. ఆమె ఆఖరి ఊఁ అని నా దిక్కు తిరిగింది, కండ్లల్ల నీళ్ళు. నేను గోడ మీద అంటించిన కాలేజీ నోటీసు చూసి నోరు తెరిచిన. రాలే.

సబీహా అక్క మొఖంల రంగు మారింది. చెయ్యెత్తి నన్ను ఆగుమన్నది. చెవి పెట్టి విన్నది.

"ఆపలేదు నువ్వు" అన్నది మెల్లగ. "ఇంకేదో వ్యాసం మొదలుపెట్టినవ్."

అల్లం రైతుల గురించంట. మా సంచికల అల్లం మీద వ్యాసమే లేదు. ఆ పొద్దంత ఆమె ఊఁ కొట్టింది. అది అయిపోతే ఇంకోటి మొదలైంది. ఛాయ్ తాగలే, అన్నం తినలే. సాయంత్రం మొగులయ్య తాళంచెవి పట్టుకోని వచ్చి నిలబడ్డడు. ఆమె ఫుల్‌స్టాప్ దాక ఆగుమని ఆయనకు సైగ చేసింది. ఊఁ అనే లేచింది. మధ్యల లేస్తే ఏమైతదో ఆమెకు తెలుసు కదా.

సంచిక వచ్చింది. కమిటీ వాళ్ళు మెచ్చుకున్నరంట. సార్ సంతకం పెట్టి, "ఇగ నువ్వు ఆజాద్ పో" అన్నడు. నవ్వి తీసుకున్న.

గురుకులంల మొదటి రోజు ప్రిన్సిపల్ వెనక బెంచీల కూసున్నడు. నేను ముందు బెంచీ పిల్లను లేపి పుస్తకం ఇచ్చి చదువుమన్న. ఎదురుంగ కూసోని పెన్సిల్ పట్టుకున్న. కామా కాడ ఆగుమన్న, నేను ఊఁ అంటేనే ముందుకు అన్న. పిల్లలకు మస్తు నచ్చింది. ఇది మంచి పద్ధతి మేడం, ఎక్కడ నేర్చుకున్నరు అన్నడు ప్రిన్సిపల్. కాలేజీల నేర్చుకున్న సార్ అని చెప్పిన. అట్ల నా నౌకరి నిలబడ్డది, అట్లనే నడుస్తున్నది. ఒక్కటే, బెల్లు కొట్టినా సరే, చదివే పిల్లను మధ్యల లేవనియ్య. ఊఁ అన్నంకనే పంపిస్త. నన్ను చాదస్తం మేడం అంటరని తెలుసు.

కొన్ని నెలలకు కొత్త ఎడిటర్‌కు ఒక వ్యాసం వచ్చిందని సబీహా అక్క ఫోన్ల చెప్పింది. అల్లం రైతుల మీద. మొదటి పేజీ చూసి, ఇది నేను విన్నదే అన్నది. రాసిన పిల్లగాడు ఆ ఎండకాలం ఇంకా కాలేజీలనే చేరలే. ఇదెట్ల అయితదని చదువుకున్నోళ్ళను అడిగిన, పాస్టరయ్యను అడిగిన, ఒక మనసు డాక్టర్‌ను గూడ అడిగిన. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పిన్రు. ఆ లైను నా ప్రూఫ్‌లకు ఎట్లొచ్చిందో ఎవరూ చెప్పలే. ఆ రూం ఆమె గొంతును ఒక్క మధ్యాహ్నంల ఎట్ల విడిచిపెట్టింది, నాది ఎందుకు పట్టుకున్నది, అదీ తెలియదు.

సబీహా అక్క ఇప్పుడు ఊర్లనే ఒక బడిల తెలుగు చెప్తున్నది. పాఠం తనే చదువుతదంట. శనివారం బడి అయినంక "సాలు" రూంకు పోతది. పాత ఎడిటర్ కదా, పత్రిక మీద ప్రేమ అనుకుంటరు పిల్లలు. కుర్చీల కూసోని నాకు ఫోన్ చేసి స్పీకర్ పెడుతది. నేను తలుపు దగ్గరేసుకోని ఫోన్ చెవికి పెట్టుకుంట. లారీల సప్పుడు వినిపిస్తది. ఫ్యాన్ సప్పుడు వినిపిస్తది. ఆమె ఊఁ, ఊఁ అనుడు వినిపిస్తది. నడుమ ఏం వినిపియ్యదు.

మొన్న ఉండబట్టలేక అడిగిన, ఎట్ల చదువుతున్ననక్కా అని.

ఆమె ముందు ఊఁ అన్నది. అది నాకు గాదు. తర్వాత నాకు చెప్పింది.

"మంచిగ చదువుతున్నవ్ చెల్లె. జర అలసిపోయినవ్."